ఉట్టి

మొదటి రోజు దెస్పినా
బల్లమీద ప్లాస్టిక్ కటి ఎముకను పెట్టింది.
దాని అడుగున ఎర్ర రబ్బరు పొరలు.
"ఇదొక ఊయల" అంది.
నాకలా అనిపించలేదు.
ఊయల్లో పిల్ల ఊగుతుంది, దిగి పోతుంది.
ఇది ఉట్టి.
పాలకుండ, పెరుగుకుండ, వెన్నగిన్నె
ఒకదానిమీద ఒకటి మోస్తూ
ఎవరూ తలెత్తి చూడని తాళ్ళ అల్లిక.

తొమ్మిది నెలలు, ఆపైన పద్దెనిమిది గంటలు,
చివర్లో ఫోర్సెప్స్.
మూడు కిలోల తొమ్మిదివందల మా పిల్లాడు
ఉట్టి కొట్టి బయటికొచ్చాడు.
అందరూ వాణ్ణి ఎత్తుకున్నారు.
కుట్లు ఎన్నో నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నేను ట్రామ్ నడుపుతాను.
ఎనభై ఆరో నంబరు, బండూరా నుంచి డాక్‌లాండ్స్ దాకా.
మళ్ళీ డ్యూటీలో చేరిన మూడో రోజు
ప్రెస్టన్ దగ్గర ఒక సైకిలు అడ్డొచ్చింది.
గంట కొట్టాను, బ్రేకు వేశాను,
బిగపట్టిన ఊపిరి వదిలేసరికి తుమ్మొచ్చింది.
సైకిలబ్బాయి బతికిపోయాడు.
నేను ఆ తడిమీదే
ఇంకో పందొమ్మిది స్టాపులు కూర్చున్నాను,
యూనిఫాం ముదురు నీలం కావడం ఎంత దయో అనుకుంటూ.

డాక్టరుకి చెప్పడానికి మాట వెతికాను.
ఇంగ్లీషు మాట నాకు తెలియదు.
తెలుగులో మాటుంది, అది తిట్టు.
మిగిలినవి "అక్కడ", "కింద":
దిక్కు చెప్తాయి గాని ఊరు చెప్పవు.

అడిగి, చెప్పి, మళ్ళీ అడిగి
చేతికి తొడుగు వేసుకుంది దెస్పినా.
"గాలి పోకుండా ఆపుకున్నట్టు బిగించు. పైకి లాగు."
పళ్ళు బిగించాను, పిడికిళ్ళు బిగించాను,
కనుబొమలు కూడా.
"అవేవీ కావు. మొహానికి తెలియకుండా చెయ్యి."
అయిదుకి ఒకటి వేసింది.
పుట్టి బుద్ధెరిగాక అంత తక్కువ మార్కులు రాలేదు నాకు.
"ఒకటంటే మిణుకు" అంది, "ఆరిపోలేదన్నమాట.
ఇప్పుడు వదులు. వదలడం కూడా నేర్చుకోవాలి."

మొహానికి తెలియకుండా.
ఆ మాటతో
మా రామతులశమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది.
అయిదు కాన్పులు.
కాయం ఉండలు, వామునీళ్ళు, సాంబ్రాణి పొగ,
నడుముకి పాత నేతచీర కట్టు,
పైనంతా కట్టారు.
పెళ్ళిళ్ళలో పెరటి గుమ్మం పక్కనే కూర్చునేది.
దగ్గొస్తే కాలుమీద కాలు వేసుకునేది.
ఎంత హాస్యానికీ నవ్వేది కాదు.
గర్వం, అనేవారు.
పెద్దమ్మని నవ్వించినవాళ్ళకి అర్ధరూపాయి అని
పిల్లలం పందెం కాసుకున్నాం.
నేనే గెలిచాను.
పంతులుగారి నడక నడిచి చూపించాను.
ఆవిడ పగలబడి నవ్వి,
నవ్వుతూనే లేచి,
రెండు చేతుల్తో కుచ్చిళ్ళు పట్టుకుని
పెరట్లోకి పరుగెత్తింది.
ఇంకా గట్టిగా నవ్వాం మేమంతా.

ఆ అర్ధరూపాయి ఇప్పుడెవరికి తిరిగివ్వను?

ఎర్ర లైటు పడ్డప్పుడల్లా బిగిస్తాను.
పది లెక్కపెట్టి, పచ్చ లైటుకి వదుల్తాను.
హై స్ట్రీటులో ఎర్ర లైట్లకి కొదవలేదు.
వెనకాల నూటయాభై మంది
ఫోన్లలోకి తలలు వంచుకుని ఉంటారు.
ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని వెక్కిరించే సామెత
రోజూ నోట్లో నానుతోంది.
స్వర్గం ఊసు నాకెందుకు?
ఉట్టి అందితే చాలు.

పన్నెండో వారానికి మూడు మార్కులు.
నిన్న బండూరా చివరి స్టాపులో,
అందరూ దిగిపోయాక,
ఒక పెద్ద తుమ్ము.
అలాగే కదలకుండా కూర్చుని
లోపలికి చెవి ఒగ్గి చూసుకున్నాను.

దెస్పినా ఇచ్చిన కాగితంలో రోజుకో గడి ఉంటుంది,
ఎన్నిసార్లు, ఎంత, అని.
పెన్సిలు తీసి రాశాను:
ఒకసారి. రెండు చుక్కలు.
పక్కన చోటుంటే తెలుగులో ఇంకో ముక్క రాశాను:
ఇవాళ నవ్వాను కూడా.